ఎక్కడ కలుస్తాయో చూద్దాం!

మా పక్క వాటాలో ఐదో తరగతి చదివే పాప ఉంది. సాయంత్రం ఆరు దాటిందంటే పుస్తకాల సంచీ భుజానేసుకుని మా వరండాలోకి వచ్చేస్తుంది. వాళ్ళమ్మకు నేను 'మాస్టారు'ని. పాపకు 'తాతగారి'ని. ముప్ఫై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను గానీ, ఆ రెండు పిలుపుల పుణ్యమా అని నా ఉద్యోగం ఇంకా నడుస్తూనే ఉంది.

మొన్నామధ్య ఓ సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరూ కలిసి వచ్చారు. తల్లి ముఖంలో చిరాకు, కూతురి ముఖంలో బెరుకు.

'చూడండి మాస్టారూ... దీనికి ఎల్‌సీఎం చేయడం బాగా వచ్చు. ఇంట్లో పది లెక్కలిస్తే పదీ చేసేస్తుంది. పరీక్షలో మాత్రం అన్నీ తప్పులే. శ్రద్ధ లేక కాకపోతే మరేమిటి చెప్పండి?'

నోటుబుక్కు తీసుకుని చూశాను. 12, 18ల క.సా.గు. కనుక్కోమని లెక్క. ఎడమపక్కన నిలువు గీత, దాని కింద అడ్డగీతలు. మన చిన్నప్పటి నుంచీ ఉన్న నిచ్చెనే. ముత్యాల్లాంటి అంకెలు. చివర్లో 36 అని రాసి, చుట్టూ చక్కగా గడి గీసి ఉంది.

'శభాష్! ఇంతకీ ఈ 36 అంటే ఏమిటి తల్లీ?' అనడిగాను.

'ఆన్సరు తాతగారూ!'

'ఆన్సరేలే. 12కీ, 18కీ అది ఏమవుతుంది?'

పాప వాళ్ళమ్మ వంక చూసింది. వాళ్ళమ్మ గోడ గడియారం వంక చూసింది. 'పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను మాస్టారూ' అంటూ లేచి వెళ్ళిపోయింది.

నవ్వొచ్చింది. ఆ వెంటనే లోపల ఎక్కడో కలుక్కుమంది కూడా. ఎందుకో చెప్పాలంటే పాత సంగతొకటి చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే నిచ్చెన బోర్డు మీద గీసి, 'పక్కనున్నవీ కిందున్నవీ అన్నీ గుణించండి, అదే క.సా.గు.' అని చెప్పేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీలో కుర్రాడొకడు లేచి, 'కింద మిగిలినవి కూడా ఎందుకు గుణించాలి సార్?' అనడిగాడు. క్లాసంతా నా వంక చూసింది. 'పరీక్షలో వస్తుంది. అందుకు. కూర్చో!' అన్నాను.

వాడు కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అసలు విషయమేమిటంటే, ఆ ప్రశ్నకు ఆరోజు నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యం లేక వాణ్ణి కూర్చోబెట్టాను. ఇన్నేళ్ల తర్వాత వరండాలో నోటుబుక్కు ముందు కూర్చుంటే ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. ఈసారైనా సరిగ్గా చెప్పాలనుకున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఆ మూడు సాయంత్రాల సంగతే ఈ వారం మీకు చెబుతున్నాను. మీ ఇంట్లోనూ ఐదో ఆరో చదివే పిల్లలుంటే పనికొస్తుంది.

పేరును వెనక నుంచి చదవాలి

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. కనిష్ఠ సామాన్య గుణిజం! వినగానే పెద్దవాళ్ళకే గొంతులో వెలక్కాయ పడ్డట్టుంటుంది. పొట్టిగా క.సా.గు. అంటే అసలు అర్థమే తెలియదు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు ఎల్‌సీఎం. అవీ మూడు అక్షరాలే తప్ప మాటలు కావు.

దీనికో చిట్కా ఉంది. పేరును వెనక నుంచి చదివించండి.

చివరి మాట గుణిజం. అంటే ఎక్కంలో వచ్చే సంఖ్య. మూడో ఎక్కంలో 3, 6, 9, 12... ఇవన్నీ 3కు గుణిజాలు. పదితో ఆగక్కర్లేదు. ఎంత దూరమైనా పోవచ్చు.

మధ్య మాట సామాన్య. ఇక్కడే పిల్లలు పొరబడతారు. సామాన్యుడు, సామాన్యమైన విషయం అని వినీ వినీ 'మామూలు గుణిజం' అనుకుంటారు. ఇక్కడ సామాన్యమంటే ఉమ్మడి. ఇద్దరి ఎక్కాల్లోనూ ఉన్న సంఖ్య అన్నమాట.

మొదటి మాట కనిష్ఠ. టీవీలో వాతావరణం వార్తలు చెప్పేటప్పుడు 'కనిష్ఠ ఉష్ణోగ్రత' అంటారే, అదే. అన్నిటికన్నా తక్కువది.

అంటే ముందు ఎక్కాలు, తర్వాత ఉమ్మడివి, చివరికి వాటిలో చిన్నది. ఇదే వరసలో ఆలోచించాలి. ముందు నుంచి చదివితే 'కనిష్ఠ' అనగానే పిల్లలు చిన్న అంకె కోసం వెతుకుతారు. 12, 18 ఇస్తే 2 అనో 3 అనో రాసి వచ్చేది ఇందుకే. క.సా.గు. ఎప్పుడూ ఇచ్చిన వాటిలో పెద్ద సంఖ్యకు సమానంగానైనా ఉంటుంది, లేదా అంతకన్నా పెద్దదిగానైనా ఉంటుంది. తక్కువ మాత్రం కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం తప్పులు పిల్లలే పట్టేసుకుంటారు.

'మరి గరిష్ఠ సామాన్య గుణిజం ఎందుకు లేదు?' అని కూడా అడిగి చూడండి. కాసేపు తల గోక్కుంటారు. ఎక్కాలకు చివరంటూ లేదు కాబట్టి అన్నిటికన్నా పెద్దదీ లేదు. ఆ మాట మనం చెప్పేకన్నా వాళ్ళ నోటి నుంచి వస్తే ఎంత బాగుంటుందో!

మొదటి సాయంత్రం: చప్పట్లు

మొదటిరోజు పుస్తకం ముట్టుకోనివ్వలేదు. పాపకు మూడో తరగతి చదివే తమ్ముడున్నాడు. వాణ్ణీ పిలిచాను. నేను ఒకటి నుంచి వరసగా అంకెలు చదువుతుంటాను. మూడేసి అంకెలకోసారి పాప చప్పట్లు కొట్టాలి. నాలుగేసి అంకెలకోసారి తమ్ముడు కాలితో నేల తట్టాలి.

ఒకటి, రెండు, మూడు... చప్పట్లు. నాలుగు... దబ్! ఆరుకు చప్పట్లు. ఎనిమిదికి దబ్. తొమ్మిదికి చప్పట్లు. పన్నెండుకు రెండూ ఒక్కసారే మోగాయి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. ఆ నవ్వే క.సా.గు.!

ఆపకుండా చదువుకుంటూ పోయాను. ఇరవై నాలుగు దగ్గర మళ్ళీ రెండూ కలిశాయి.

'ఈసారి ఎక్కడ కలుస్తాయి?'

'ముప్ఫై ఆరు!' లెక్కపెట్టకుండానే చెప్పింది పాప.

'నీకెలా తెలుసు?'

'పన్నెండో ఎక్కం కదా తాతగారూ!'

చూశారా... ఒకసారి ఎక్కడ కలిశాయో తెలిస్తే చాలు, ఆ తర్వాత కలయికలన్నీ ఆ సంఖ్య ఎక్కంలోనే ఉంటాయి. ఎవరూ చెప్పకుండానే పాప పట్టేసింది. ఏ ఉమ్మడి గుణిజమైనా క.సా.గు.కు గుణిజమే. అందుకే మనకు మొదటి కలయిక అంత ముఖ్యం.

ఆట మార్చాను. ఈసారి నాలుగు, ఆరు. మొదలుపెట్టకముందే వంటింట్లోంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. 'ఇరవై నాలుగు మాస్టారూ! నాలుగార్లు ఇరవై నాలుగు.' పిల్లలు మాత్రం ఆడి చూశారు. పన్నెండు దగ్గరే చప్పుళ్ళు కలిసిపోయాయి. 'అమ్మా, తప్పు!' అని ఇద్దరూ ఎగిరి గంతేశారు. అమ్మ తప్పు చెబితే పిల్లలకు అంతకన్నా పండగ ఏముంటుంది?

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. 'మూడు, నాలుగుకైతే గుణిస్తే వచ్చిందిగా. దీనికెందుకు రాలేదు?' అనడిగింది. అసలు ప్రశ్న అది! మూడోరోజు చెబుతానన్నాను.

రెండో సాయంత్రం: ఎక్కం మీద నడక

రెండోరోజు కాగితం, పెన్సిలు. 8, 12 ఇచ్చాను. ఒక వరసలో 8, 16, 24, 32, 40, 48. దాని కింద వరసలో 12, 24, 36, 48. రెండు వరసల్లోనూ ఉన్నవాటికి సున్నా చుట్టమన్నాను. 24, 48. మొదటిది 24.

ఇది బాగానే ఉంది గానీ, రెండు ఎక్కాలూ రాయడం కాస్త శ్రమ. అందుకని దారి దగ్గర చేశాం. పెద్ద సంఖ్య ఎక్కం ఒక్కటే చదవాలి. ఒక్కోచోటా ఆగి, చిన్నదానితో భాగిస్తే మిగలకుండా పోతుందా అని అడగాలి. 12ను 8తో భాగిస్తే పోదు. 24 పోతుంది. అయిపోయింది! కాగితం కూడా అక్కర్లేదు. ఐదో తరగతిలో వచ్చే చిన్న సంఖ్యలకు ఇది నిచ్చెన కన్నా త్వరగా తేలుతుంది.

తర్వాత బస్టాండు లెక్క చెప్పాను. పొద్దున్న ఆరింటికి రెండు ఊళ్ళ బస్సులు ఒకేసారి బయల్దేరాయి. ఒక ఊరికి 15 నిమిషాలకో బస్సు, ఇంకో ఊరికి 20 నిమిషాలకో బస్సు. మళ్ళీ రెండూ ఒకేసారి ఎప్పుడు బయల్దేరతాయి? పాప ఇరవయ్యో ఎక్కం అందుకుంది. '20... పదిహేనుతో పోదు. 40... పోదు. 60... పోతుంది! ఏడింటికి తాతగారూ!'

వాడూ ఊరుకోలేదు. 3, 6 ఇస్తే ఎంతని తమ్ముణ్ణి అడిగితే, 'ఆరే కదా!' అన్నాడు. పెద్దదాన్ని చిన్నది మిగలకుండా భాగించేస్తే ఆ పెద్దదే క.సా.గు. మూడో తరగతివాడికి కూడా అందింది. అందుకే నా మనవి ఒక్కటే. నిచ్చెన తప్పు కాదు. కానీ దాన్ని మొదటిరోజే పిల్లల చేతికివ్వకండి. వెతుకుతున్నదేమిటో తెలిశాక, వెతికే దారి ఎంత పొడుగైనా పిల్లలు నడుస్తారు.

మూడో సాయంత్రం: ఆ కుర్రాడి ప్రశ్న

మూడోరోజు నిచ్చెన తీశాం. పాప 12, 18 మళ్ళీ చేసింది. రెండుతో భాగిస్తే 6, 9. మూడుతో భాగిస్తే 2, 3. ఇక రెండింటినీ భాగించేది లేదు. ఎడమపక్కన 2, 3. కింద 2, 3. అన్నీ గుణిస్తే 36.

గుణించబోతూ పెన్సిలు ఆపి, 'కింద మిగిలినవి కూడా ఎందుకు గుణించాలి తాతగారూ?' అంది.

ఒక్క క్షణం నాకు వరండా కాదు, ఆ పాత తరగతి గదే కనబడింది. ఈసారి 'కూర్చో' అనలేదు. 'వంటింట్లోకి పద' అన్నాను.

రెండు కూరల లెక్క చెప్పాను. మొదటి కూరకు రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ కావాలి. రెండో కూరకు ఒక టమాటా, రెండు ఉల్లిపాయలు కావాలి. రేపు చుట్టమొకాయన వస్తున్నాడు. రెండింటిలో ఏదో ఒక కూరే చేయమంటాడు. ఏది అడుగుతాడో తెలియదు. ఏది అడిగినా చేసిపెట్టగలగాలి. కనీసం ఎన్ని కొనాలి?

పాప బుట్టలోంచి టమాటాలు తీసింది. 'రెండు టమాటాలు చాలు. రెండు ఉల్లిపాయలు చాలు.'

'మూడేసి ఎందుకొద్దు?'

'చేసేది ఒక్క కూరేగా!'

అంతే! ఇప్పుడు టమాటా చోట 2, ఉల్లిపాయ చోట 3 పెట్టండి. 12 అంటే రెండు 2లు, ఒక 3. అంటే 2×2×3. 18 అంటే ఒక 2, రెండు 3లు. అంటే 2×3×3. రెండూ విడివిడిగా ఇమడగలిగే అతి చిన్న సంచీ కావాలి. అందులో రెండు 2లు, రెండు 3లు ఉండాలి. 2×2×3×3 = 36.

మళ్ళీ నిచ్చెన చూడండి. ఎడమపక్కనున్న 2, 3 రెండు సంఖ్యల్లోనూ ఉన్నవి. ఇద్దరికీ ఉమ్మడి సరుకు. ఉమ్మడిది కాబట్టి ఒక్కసారే సంచీలో వేసుకుంటాం. కింద మిగిలినవి ఎవరి సొంత సరుకు వాళ్ళది. 12కు ఇంకో 2 కావాలి. 18కి ఇంకో 3 కావాలి. వాటిని వదిలేస్తే సంచీలో 6 మాత్రమే మిగులుతుంది. దాన్ని 12తో భాగిస్తే పోతుందా, 18తో పోతుందా? అందుకే కిందవి కూడా గుణించాలి. ఎన్నో ఏళ్ల క్రితం వెనక బెంచీ కుర్రాడికి నేను చెప్పాల్సిన జవాబు ఇంతే. రెండు టమాటాలు, రెండు ఉల్లిపాయలు!

వాళ్ళమ్మ ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. 12ను, 18ని నేరుగా గుణిస్తే 216 వస్తుంది. ఉమ్మడి సరుకును రెండుసార్లు కొన్నామన్నమాట. ఆ ఉమ్మడి సరుకు 6. అదే గ.సా.భా. 216ను 6తో భాగిస్తే మళ్ళీ మన 36 వచ్చేస్తుంది. మూడు, నాలుగుకు ఉమ్మడి సరుకేమీ లేదు. అందుకే గుణిస్తే సరిపోయింది. నాలుగు, ఆరుకు ఒక 2 ఉమ్మడిగా ఉంది. అందుకే 24లో సగం, 12 దగ్గరే కలిశాయి.

ఒక జాగ్రత్త. గుణించి గ.సా.భా.తో భాగించే ఈ కిటుకు రెండు సంఖ్యలకే. మూడు సంఖ్యలుంటే పనిచేయదు. ఇంకో సంగతి. మూడు సంఖ్యల నిచ్చెనలో పిల్లలు తొందరపడి ఆగిపోతారు. 4, 6, 9 తీసుకోండి. మూడింటినీ భాగించే సంఖ్య లేదు కదా అని ఆపేసి, అన్నీ గుణించి 216 అని రాస్తారు. ఏ రెండింటినైనా భాగిస్తే చాలు, మూడోదాన్ని ఉన్నది ఉన్నట్టు దింపుకోవాలి. రెండుతో భాగిస్తే 2, 3, 9. మూడుతో భాగిస్తే 2, 1, 3. గుణిస్తే 2×3×2×1×3 = 36. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే.

మన పాత మాస్టార్లు

ఇంతకీ ఈ క.సా.గు. ఎందుకు పుట్టిందనుకున్నారు? పిల్లల్ని ఏడిపించడానికి మాత్రం కాదు. భిన్నాలు కూడటానికి. 5/12కు 7/18 కూడాలంటే రెండింటి కిందా ఒకే సంఖ్య ఉండాలి. 216 పెట్టుకుంటే 90/216, 84/216. కూడితే 174/216. దాన్ని మళ్ళీ 6తో కొట్టేస్తూ కూర్చోవాలి. 36 పెట్టుకుంటే 15/36, 14/36. కూడితే 29/36. చేతులు దులుపుకుని లేవొచ్చు. జవాబు రెండు దారుల్లోనూ ఒకటే. క.సా.గు. మనకు మిగిల్చేది శ్రమ.

ఈ శ్రమ తగ్గించే పని మన దేశంలో చాలా పాతదే. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడనే జైన గణితవేత్త 'గణితసారసంగ్రహం' రాశాడు. భిన్నాలు కూడే చోట ఆయన క.సా.గు.ను 'నిరుద్ధం' అన్నాడు. హారాల ఉమ్మడి కారణాంకాలనూ, వాటితో భాగించగా మిగిలిన వాటినీ కలిపి గుణిస్తే వచ్చేదే నిరుద్ధమని వివరించాడు. పక్కనున్నవీ, కిందున్నవీ! మన నిచ్చెనలో చేసేది అచ్చం అదే కదా. ఆ పుస్తకాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. అలా మన భాషకు లెక్కల పుస్తకం వచ్చి తొమ్మిది వందల ఏళ్లు దాటింది. ఈ సంగతి చెబితే పాప, 'అప్పుడు కూడా హోంవర్కు ఉండేదా తాతగారూ?' అంది!

అరవై ఏళ్ల కలయిక

ఇంకో కలయిక మన ఇళ్లలోనే ఉంది. తెలుగు సంవత్సరాలు ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి. మొత్తం అరవై. అరవయ్యే ఎందుకు? ఆకాశంలో బృహస్పతి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 12 ఏళ్లు పడుతుంది. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వచ్చేదీ బృహస్పతి లెక్కనే. గోదావరికి 2003లో, మళ్ళీ 2015లో వచ్చాయి. ఇక శని ఒక చుట్టు తిరగడానికి సుమారు 30 ఏళ్లు. 12, 30ల క.సా.గు. చేయండి. 30ని 12తో భాగిస్తే పోదు. 60 పోతుంది! ఈ ఇద్దరూ అరవై ఏళ్లకోసారి దాదాపు పాత చోట్లకే తిరిగి వస్తారన్నమాట. మన అరవై సంవత్సరాల చక్రానికి ఇదే మూలమని చెబుతారు.

నేను పుట్టింది 1954లో, జయ నామ సంవత్సరంలో. 2014లో మళ్ళీ జయ వచ్చింది. పిల్లలు పట్టుబట్టి షష్టిపూర్తి చేశారు. ఆరోజు పందిట్లో నేను కూర్చున్నది ఒక క.సా.గు. మీదేనని పాపకు చెబితే, చాలాసేపు నా వంక అనుమానంగా చూసింది.

ఎప్పుడేది?

పాప పరీక్షలో తప్పులు చేసిన అసలు కారణం ఆఖరున బయటపడింది. 'క.సా.గు. కనుక్కోండి' అంటే చేస్తుంది. మాటల్లో లెక్క ఇస్తే ఇక్కడ క.సా.గు. కావాలో, గ.సా.భా. కావాలో తెలియడం లేదు. ప్రశ్నపత్రం వెతికి తీయిస్తే ఆ తప్పులన్నీ అక్కడే ఉన్నాయి.

దీనికి సూత్రాలు బట్టీ పట్టించకండి. లెక్క మొదలుపెట్టకముందు ఒక్క ప్రశ్న అడిగించండి. 'జవాబు ఇచ్చిన సంఖ్యల కన్నా పెద్దదవుతుందా, చిన్నదవుతుందా?'

12 మీటర్ల తాడు, 18 మీటర్ల తాడు ఉన్నాయి. రెండింటినీ మిగలకుండా, అన్నీ ఒకే పొడవుండేలా, వీలైనంత పెద్ద ముక్కలుగా కోయాలి. ముక్క తాడు కన్నా పెద్దదెలా అవుతుంది? చిన్నదే. కాబట్టి గ.సా.భా. జవాబు 6 మీటర్లు.

దీపావళికి ప్రమిదలు డజను లెక్కన, వత్తులు కట్టకు 20 చొప్పున అమ్ముతున్నారు. ఒక్క ప్రమిదా, ఒక్క వత్తీ మిగలకుండా ప్రమిదకో వత్తి రావాలంటే కనీసం ఎన్ని కొనాలి? కొంటూ పోతే సంఖ్య పెరుగుతుంది గానీ తగ్గదు. కాబట్టి క.సా.గు. జవాబు 60. ఐదు డజన్ల ప్రమిదలు, మూడు కట్టల వత్తులు.

కోసి పంచేటప్పుడు చిన్నదవుతుంది. కూడుతూ కలుసుకునేటప్పుడు పెద్దదవుతుంది. ఇది చూసుకున్నాకే పెన్సిలు కదపాలి.

ఆ తర్వాతి పరీక్షలో పాపకు ఎన్ని మార్కులొచ్చాయని మీరు అడుగుతారని తెలుసు. ఒక లెక్క తప్పిందట. కానీ ఇంటికొచ్చి అది ఎక్కడ తప్పిందో తనే వాళ్ళమ్మకు చెప్పిందట. మూడు సంఖ్యల నిచ్చెన తొందరపడి ఆపేసింది. వాళ్ళమ్మ ఆరోజు తిట్టలేదు. పక్కన కూర్చుని, 'అయితే ఎక్కడిదాకా భాగించాలి?' అని అడిగిందట. నాకు ఆ మార్కుల కన్నా ఈ మాటే ఎక్కువ సంతోషం కలిగించింది.

మీరూ ఇవాళ భోజనాల దగ్గర మీ పిల్లల్ని అడిగి చూడండి. 'నువ్వు కట్టిన జవాబు అంటే ఏమిటి?' అని. వాళ్ళు తిరిగి 'ఎందుకు?' అని అడిగితే, జవాబు మీకు తెలియకపోతే, కంగారు పడకండి. 'నాకూ తెలియదురా, రా చూద్దాం' అనండి. ఆ మాట అనలేక ఒక పిల్లవాడి నోరు మూయించినవాణ్ణి. అందుకే చెబుతున్నాను.

చివరగా చిన్న పొడుపు లెక్క. ఓ పూలమ్మి బుట్టలో కొన్ని బంతిపూలున్నాయి. రెండేసి, మూడేసి, నాలుగేసి, ఐదేసి, ఆరేసి చొప్పున... ఎలా లెక్కపెట్టినా చివర్లో ఒక్క పువ్వు మిగులుతోంది. ఏడేసి చొప్పున పెడితే మాత్రం ఒక్కటీ మిగలడం లేదు. బుట్టలో కనీసం ఎన్ని పూలున్నాయి? ముందు 2, 3, 4, 5, 6 ఎక్కడ కలుస్తాయో చూడండి. ఆ ఎక్కం మీద నడుస్తూ, ప్రతిచోటా ఒకటి కలిపి, ఏడుతో భాగించి చూడండి. నాలుగు చోట్ల పోదు. ఐదో చోట పోతుంది. పిల్లలతో కలిసి చేయండి. మీకు 301 వస్తే ఆ పూలమ్మి లెక్కా, మీ లెక్కా కలిసినట్టే!